రెండంగుళాల లిఫ్ట్‌కి షాఫ్ట్ మార్చాలా?

జిమ్నీకో, థార్‌కో, పాత జిప్సీకో సస్పెన్షన్ రెండంగుళాలు ఎత్తిద్దామనుకున్న యజమానికి రెండు రకాల సలహాలు ఎదురవుతాయి. ఒక గ్యారేజీలో "షాఫ్టులు కూడా మార్చేయండి సార్, లేకపోతే క్రాసులు నిలవవు" అంటారు. ఇంకో గ్యారేజీలో "రెండంగుళాలకి ఏమీ కాదు, అలాగే నడుపుకోండి" అంటారు. ఇద్దరూ అనుభవం మీదే మాట్లాడతారు, ఇద్దరి దగ్గరా ఉదాహరణలుంటాయి. ఇక లిఫ్ట్ చేసిన కొన్ని బండ్లు గంటకు 40 కిలోమీటర్ల దగ్గర నిశ్శబ్దంగా ఉండి, 80 దాటేసరికి అడుగు నుంచి జుమ్మని మోత పెడతాయి. అదే కిట్ వేసిన మరో బండి 100 మీద కూడా చప్పుడు చేయదు. ఎత్తు ఒకటే అయినప్పుడు ఫలితం ఎందుకు మారుతోంది? ఎత్తును బట్టి ఈ ప్రశ్నకు జవాబు దొరకదు కాబట్టి. జవాబు షాఫ్ట్ పొడవులోనూ, అది మొదట ఉన్న వాలులోనూ, తిరిగే వేగంలోనూ, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పటి స్థితిలోనూ ఉంది. ఈ నాలుగింటినీ కొలవవచ్చు. కొలిస్తే చాలా బండ్లకు కొత్త షాఫ్ట్ అక్కర్లేదని తేలుతుంది. కొన్నింటికి తప్పదనీ తేలుతుంది.

ముందు తేలాల్సింది: ఏ షాఫ్ట్?

డ్రైవ్‌షాఫ్ట్ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు భాగాల్ని పిలుస్తుంటారు. బండి పొడవునా, ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి డిఫరెన్షియల్ దాకా వెళ్లేది ప్రొపెల్లర్ షాఫ్ట్. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి అడ్డంగా వెళ్లేది హాఫ్ షాఫ్ట్. లిఫ్ట్ ప్రభావం దేనిమీద పడుతుందన్నది సస్పెన్షన్ రకాన్ని బట్టి ఉంటుంది. జిమ్నీకి ముందూ వెనుకా ఒకే గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు. జిప్సీకీ గట్టి యాక్సిళ్లే, అయితే కమాన్ కట్టల మీద. గట్టి యాక్సిల్‌లో డిఫరెన్షియల్ చక్రాలతో పాటే కిందికీ పైకీ కదులుతుంది. హాఫ్ షాఫ్టులు హౌసింగ్ లోపల తిన్నగా పడుకుని ఉంటాయి, బండిని ఎంత ఎత్తినా వాటికి తెలియదు. భారమంతా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదే పడుతుంది. 2020లో వచ్చిన థార్‌కి వెనుక గట్టి యాక్సిలే గాని ముందు చక్రాలు విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ ఏర్పాటు ఉంది. అక్కడ ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం వెంట్రుకవాసి కూడా మారదు. మారేది హాఫ్ షాఫ్టుల కోణం. అందుకే జిమ్నీ యజమాని అనుభవాన్ని థార్ ముందు భాగానికి వర్తింపజేస్తే పొరపాటు నిర్ణయమే వస్తుంది.

బాక్స్: ఎత్తడం నాలుగు రకాలు

• పెద్ద టైర్లు: బండి మొత్తం లేస్తుంది. యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య దూరం మారదు. షాఫ్ట్ కోణాల్లో మార్పు లేదు.

• బాడీ లిఫ్ట్: బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెడతారు. షాఫ్టులన్నీ ఛాసిస్ కిందే ఉంటాయి కాబట్టి వాటికి సంబంధం లేదు.

• గట్టి యాక్సిల్ మీద సస్పెన్షన్ లిఫ్ట్: ప్రొపెల్లర్ షాఫ్టుల కోణం పెరుగుతుంది.

• విడివిడి సస్పెన్షన్ మీద లిఫ్ట్: ప్రొపెల్లర్ షాఫ్ట్ అలాగే ఉంటుంది, హాఫ్ షాఫ్టుల కోణం పెరుగుతుంది. ఇక్కడ కాయిల్ పైన పెట్టే 25 మిల్లీమీటర్ల స్పేసర్, చక్రం దగ్గర అంతకంటే ఎక్కువ ఎత్తు ఇస్తుందని గుర్తుంచుకోవాలి.

క్రాస్ చేసే మోసం

ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివరలా మన మెకానిక్కులు యూజే క్రాస్ అని పిలిచే జాయింటు ఉంటుంది. కూడిక గుర్తు ఆకారంలో ఒక ఉక్కు ముక్క, దాని నాలుగు కొసలకూ నీడిల్ బేరింగులు, వాటిని ఎదురెదురుగా పట్టుకున్న రెండు యోకులు. షాఫ్ట్ వంగి ఉన్నా తిరుగుడును అవతలికి అందించడం దీని పని. కానీ అందించేటప్పుడు ఒక చిన్న మోసం చేస్తుంది. ఇటువైపు యోక్ సమవేగంతో తిరుగుతున్నా అటువైపు యోక్ ఒక్కో చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. క్రాస్‌లో ఒక జత కొసలు గీసే వృత్తం ఒక తలంలో ఉంటే, రెండో జత గీసే వృత్తం దానికి వాలుగా ఉన్న మరో తలంలో ఉంటుంది. మొదటి వృత్తంలో సమానమైన ముక్కలు రెండో వృత్తంలో సమానంగా పడవు. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ ఈ సంగతిని గుర్తించాడు. నీడగడియారం మీద నీడ గంట గంటకూ అసమానంగా జరిగే తీరూ, ఈ జాయింటు తిరిగే తీరూ ఒకటేనని ఆయన గమనించాడు.

ఈ ఊగిసలాట ఎంత ఉంటుందన్నది కోణాన్ని బట్టి మారుతుంది, అదీ సూటి లెక్కలో కాదు. 5 డిగ్రీల వంపులో వేగం అటూ ఇటూ 0.4 శాతం మాత్రమే మారుతుంది. 10 డిగ్రీలకు 1.5 శాతం, 20 డిగ్రీలకు 6 శాతం. కోణం రెట్టింపైతే ఊగిసలాట దాదాపు నాలుగింతలవుతోంది. ఇక ఈ ఊపులు పుట్టించే అదురు, షాఫ్ట్ తిరిగే వేగం రెట్టింపైతే మళ్లీ నాలుగింతలు. 40 దగ్గర లేని మోత 80 దగ్గర వినబడడానికి కారణం ఇదే. 80 దగ్గర ఈ జాతి బండ్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 40 చుట్లకు పైగా తిరుగుతుంది. చుట్టుకు రెండు ఊపులంటే సెకనుకు 80కి పైగా. అదే చెవికి జుమ్మనే మోతగా, సీటుకు వణుకుగా తెలుస్తుంది.

ఇంత మోసం చేసే జాయింటును వందేళ్లకు పైగా బండ్లలో ఎందుకు వాడుతున్నారంటే, మొదటి క్రాస్ చేసిన తప్పును రెండో క్రాస్ సరిచేస్తుంది కాబట్టి. దీనికి రెండు షరతులున్నాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్, డిఫరెన్షియల్ పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, అప్పుడే రెండు జాయింట్ల కోణాలు సమానమవుతాయి. షాఫ్ట్ గొట్టానికి రెండు చివరలా ఉన్న యోకులు ఒకే వరుసలో ఉండాలి. షాఫ్ట్ విప్పి తిరిగి దూర్చేటప్పుడు స్ప్లైన్ ఒక పన్ను అటూ ఇటూ అయినా ఈ వరుస చెడుతుంది. కంపెనీవాళ్లు గొట్టం మీద బాణం గుర్తులు కొట్టేది అందుకే. అయితే రెండు షరతులూ తీరినా, రెండు క్రాసుల మధ్యనున్న గొట్టం మాత్రం ప్రతి చుట్టులోనూ ఉరుకుతూ ఆగుతూ తిరగాల్సిందే. అందుకే కోణాలు సమానంగా ఉన్నంత మాత్రాన చాలదు, అవి చిన్నవిగానూ ఉండాలి.

పెరిగేది పొడవు కాదు, కోణం

"బండి లేచింది కాబట్టి షాఫ్ట్ పొట్టిదైపోయింది, పొడుగుది వేయాలి" అన్న వాదన వినడానికి సహజంగా ఉంటుంది. లెక్క వేస్తే నిలవదు. గోడకు ఆనించిన నిచ్చెనను ఊహించుకోండి. నిచ్చెన కాలు ఎక్కడిదక్కడే ఉంచి తలను జానెడు పైకి జరిపితే, పొట్టి నిచ్చెన వాలు ఎంతో మారుతుంది, పొడుగు నిచ్చెన వాలు కొద్దిగా మారుతుంది. షాఫ్ట్ విషయంలోనూ అంతే. మొదట 5 డిగ్రీల వాలులో ఉన్న మీటరు పొడవు షాఫ్ట్ తీసుకుందాం. యాక్సిల్ తిన్నగా 50 మిల్లీమీటర్లు కిందికి జరిగితే వాలు 7.8 డిగ్రీలవుతుంది. అదే అర మీటరు షాఫ్ట్ అయితే 10.6 డిగ్రీలు, అంటే మొదటికి రెట్టింపు. పొడవు ఎంత పెరగాలి? మొదటిదానికి 6 మిల్లీమీటర్లు కూడా కాదు, రెండోదానికి దాదాపు 7. షాఫ్ట్‌లో ఉండే జారుడు స్ప్లైన్ సస్పెన్షన్ కదిలినప్పుడల్లా ఇంతకంటే ఎక్కువే జరుగుతుంటుంది. కాబట్టి కొద్దిపాటి లిఫ్ట్‌లో పొడవు చాలకపోవడమన్నది అరుదు. పైగా పొడుగు షాఫ్ట్ వేసినా రెండు కొసలూ ఉన్నచోటే ఉంటాయి గనుక కోణం అలాగే ఉంటుంది.

ఈ లెక్కే, ఒకే కిట్ వేసిన రెండు బండ్లు వేర్వేరుగా ఎందుకు ప్రవర్తిస్తాయో చెబుతుంది. మూడు తలుపుల జిమ్నీ వీల్‌బేస్ 2250 మిల్లీమీటర్లు. భారత్‌లో 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీది 2590. ఇంజను, గేర్‌బాక్సు ముందే ఉంటాయి కాబట్టి పెరిగిన ఆ 340 మిల్లీమీటర్ల లాభం వెనుక షాఫ్ట్‌దే. విదేశాల్లో పొట్టి జిమ్నీ నడిపేవారు ఇచ్చే హెచ్చరికను మన పొడుగు జిమ్నీకి యథాతథంగా ఎక్కించుకోవాల్సిన పనిలేదు.

కోణానికి వేగంతో ముడి

ఎన్ని డిగ్రీల దాకా ఫరవాలేదు? ఒకే అంకె చెప్పమంటే చెప్పలేం. షాఫ్టుల తయారీలో పేరున్న స్పైసర్ సంస్థ పట్టికలో నిమిషానికి 5000 చుట్లకు 3.2 డిగ్రీలు, 3000 చుట్లకు 5.8, 2500 చుట్లకు 7, 1500 చుట్లకు 11.5 డిగ్రీలని పరిమితులుంటాయి. చుట్లు తగ్గేకొద్దీ అనుమతించే కోణం పెరుగుతోంది. రెండింటినీ గుణిస్తే వచ్చే అంకె అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే, పదహారు నుంచి పదిహేడున్నర వేల మధ్య. జిమ్నీకి ఉండే 195/80 ఆర్15 టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. డిఫరెన్షియల్ నిష్పత్తి సుమారు 4 అనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ప్రొపెల్లర్ షాఫ్ట్ నిమిషానికి 2500 చుట్లు తిరుగుతుంది.

ఇప్పుడు పై ఉదాహరణను బండి వేగంలోకి మార్చి చూడండి. 5 డిగ్రీల దగ్గరున్న షాఫ్ట్ 110 దాకా హాయిగా తిరుగుతుంది. 7.8 డిగ్రీలకు చేరితే ఆ హద్దు 70 దగ్గరికి దిగుతుంది. 10.6 డిగ్రీలైతే 50 దాటిన కాసేపటికే వచ్చేస్తుంది. మొదటి వాలు 3 డిగ్రీలే అయిన మీటరు షాఫ్ట్ మాత్రం లిఫ్ట్ తర్వాత కూడా 95 దాకా హద్దులోనే ఉంటుంది. హద్దు దాటగానే షాఫ్ట్ విరిగిపడదు. అక్కడి నుంచి క్రాసుల ఆయుష్షు తరుగుతుంది, వణుకు పెరుగుతుంది. కాబట్టి "రెండంగుళాలకు షాఫ్ట్ కావాలా" అన్న ప్రశ్న అసంపూర్ణం. "నా షాఫ్ట్ ఇప్పుడు ఏ కోణంలో ఉంది, నేను ఎక్కువసేపు ఏ వేగంలో నడుపుతాను" అన్నదే పూర్తి ప్రశ్న. మారేడుమిల్లి అడవి దారుల్లో 20 మీద పాకే బండికీ, రోజూ హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద వెళ్లే బండికీ ఒకే జవాబు ఉండదు. ముందు షాఫ్ట్ సాధారణంగా పొట్టిది, కోణం దానికే ఎక్కువ పెరుగుతుంది. కానీ హబ్బులు విడిపోయే బండ్లలో మామూలు రోడ్డు మీద అది తిరగనే తిరగదు, ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడే, ఎక్కువగా తక్కువ వేగంలోనే తిరుగుతుంది. హబ్బులు విడిపోని బండిలో అదే షాఫ్ట్ హైవే మీద కూడా ఊరికే తిరుగుతూ మోత పెట్టగలదు.

చక్రం వేలాడినప్పుడు

ఇప్పటిదాకా చూసింది బండి నేలమీద నిలబడ్డప్పటి కోణం. రెండో పరీక్ష, చక్రం గోతిలో పూర్తిగా కిందికి వేలాడినప్పటి కోణం. ఆ స్థితిలో యోకుల చెవులు ఒకదానికొకటి తగిలితే క్రాస్ విరుగుతుంది. స్ప్లైన్ ఎక్కువగా బయటికొస్తే షాఫ్ట్ ఊడుతుంది. మోత కంటే ఇది ప్రమాదకరం. గట్టి యాక్సిల్ మీద చక్రం ఎంత కిందికి వేలాడాలో చాలా బండ్లలో నిర్ణయించేది షాక్ అబ్జార్బర్ల పొడవు. స్ప్రింగులు మాత్రమే మార్చి పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచితే, చక్రం మునుపటి కంటే కిందికి పోలేదు. అంటే షాఫ్ట్ చేరగల చివరి కోణం కంపెనీ ఇచ్చినదే. పొడుగు షాక్ అబ్జార్బర్లు వేసినప్పుడే చివరి అంచు జరుగుతుంది. థార్ ముందు వైపు లాంటి చోట్ల, స్ప్రింగును కాస్త బిగించి ఎత్తితే వేలాడే హద్దు మారదు. షాక్ అబ్జార్బర్ పైన స్పేసర్ పెడితే మారుతుంది. హాఫ్ షాఫ్టుల్లో ఉండే సీవీ జాయింట్లు హుక్ చెప్పిన ఊగిసలాట లేకుండా తిరుగుతాయి కాబట్టి అక్కడ మోత రాదు. కానీ డిఫరెన్షియల్ వైపు జాయింటు, స్టీరింగ్ కోసం చేసిన బయటి జాయింటంత వంగలేదు. వంపు పెరిగితే రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు పోయి మట్టి చేరుతుంది. జీప్ రాంగ్లర్‌లో 2007 నుంచి వచ్చిన జేకే తరం దీనికి పేరుపొందిన ఉదాహరణ. దాని ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కే సీవీ తరహా జాయింట్లుంటాయి. లిఫ్ట్ రెండున్నర, మూడంగుళాలు దాటితే బూట్లు చిరగడం అక్కడ మామూలు ఫిర్యాదు.

కొత్త షాఫ్ట్ తీర్చలేని జబ్బు

లిఫ్ట్ తర్వాత వచ్చే వణుకుల్లో చాలావాటికి కారణం షాఫ్ట్ కాదు, పినియన్ దిశ. జిప్సీ వెనుక కమాన్ కట్టకు పొడుగు షాకిల్ వేశారనుకుందాం. కట్ట వెనుక కొస కిందికి దిగుతుంది, దానికి బిగించిన హౌసింగ్ తిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. మొదట రెండు జాయింట్లూ 6 డిగ్రీల చొప్పున ఉంటే ఇప్పుడు ముందుది 6 దాటుతుంది, వెనుకది 6 కంటే తగ్గుతుంది. వెనుక జాయింటు కోణం తగ్గింది, చూడ్డానికి మేలు జరిగినట్టే ఉంటుంది. కానీ ఒకదాని తప్పును మరొకటి సరిచేయడం ఆగిపోయింది, వణుకు మొదలైంది. ఇలాంటి బండికి ఎంత ఖరీదైన కొత్త షాఫ్ట్ వేసినా, అవే క్రాసులు అవే కోణాల్లో తిరుగుతాయి. కట్టకూ హౌసింగ్‌కూ మధ్య కోణపు దిమ్మ వేసి పినియన్‌ను సమాంతరానికి తేవడమే దీనికి మందు. జిమ్నీ ముందు యాక్సిల్‌లో మరో ముడి ఉంది. లిఫ్ట్ వల్ల యాక్సిల్ కాస్త తిరిగి, స్టీరింగ్‌ను తిన్నగా నిలిపే క్యాస్టర్ కోణం తగ్గుతుంది. దాన్ని సరిచేసే బుష్‌లు వేస్తే పినియన్ ముక్కు కిందికి వంగి జాయింటు కోణం పెరుగుతుంది. ఒకటి దిద్దితే ఇంకొకటి చెడే ఈ చోట, క్యాస్టర్‌ను అవసరమైనంతే దిద్ది ఆపాలి.

"ముందు జాగ్రత్తగా మార్చేస్తే పోలా?"

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం ఇదే. పోదు. లిఫ్ట్ బండ్లకు అమ్మే షాఫ్టుల్లో చాలావరకు డబుల్ కార్డన్ రకం. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు రెండు క్రాసుల్ని పక్కపక్కనే పెట్టి, కోణాన్ని చెరి సగం పంచి, ఊగిసలాటను అక్కడికక్కడే సరిచేస్తుంది. ఇది మంచి పరికరమే. అయితే ఇది వేస్తే పినియన్ సమాంతరంగా కాక తిన్నగా షాఫ్ట్ వైపే చూడాలి. పినియన్ తిప్పకుండా ఈ షాఫ్ట్ ఒక్కటే వేస్తే, అటు చివరనున్న ఒంటరి క్రాస్ తప్పును దిద్దేవారు లేక లేని వణుకు కొత్తగా వస్తుంది.

రెండో అభ్యంతరం: "కంపెనీ బోలెడంత వెసులుబాటు ఇచ్చే ఉంటుంది." ఇచ్చింది, నిజమే. కానీ అది చక్రం గోతుల్లో దిగినప్పుడు క్షణకాలం వాడుకోవడానికి. లిఫ్ట్ చేస్తే అందులో కొంత భాగాన్ని బండి నడిచినంతసేపూ వాడేస్తున్నట్టు. మూడోది: "మా బండి ఏళ్లుగా బాగానే తిరుగుతోంది." తిరగవచ్చు. దాని షాఫ్ట్ పొడుగుది కావచ్చు, వేగం తక్కువ కావచ్చు, ముందు షాఫ్ట్ ఎప్పుడో గాని పనిచేయకపోవచ్చు. అది ఆ బండి కొలతలకు సాక్ష్యం, మీ బండికి కాదు.

బాక్స్: కొలిచే పద్ధతి

1. చదునైన నేలమీద, చక్రాల మీద బరువు ఉండగా, అయస్కాంతపు కోణమాపకంతో మూడు వాలులు చూడాలి: ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజి, షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లాంజి.

2. మొదటి రెండింటి తేడా ముందు జాయింటు కోణం. చివరి రెండింటి తేడా వెనుక జాయింటు కోణం. మామూలు షాఫ్ట్‌కి ఈ రెండూ ఒక డిగ్రీ తేడాలో ఉండాలి.

3. పెద్ద కోణాన్ని మీరు ఎక్కువగా నడిపే వేగంతో పోల్చాలి. 80 దగ్గర 7 డిగ్రీలు, 40 దగ్గర దాదాపు 14.

4. ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి చక్రాలు వేలాడనిచ్చి, గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్ట్‌ను చేత్తో పూర్తిగా తిప్పాలి. ఎక్కడా పట్టేయకూడదు, యోకులు గానీ గొట్టం గానీ దేనికీ తగలకూడదు. స్ప్లైన్ ఎంత బయటికొచ్చిందో లిఫ్ట్‌కి ముందు కొలతతో సరిచూడాలి.

ఇవేవీ చేయకముందే చూసుకోవాల్సిన సంగతి మరొకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. షాఫ్ట్ ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోకపోవచ్చు. రోడ్డు మీద తిప్పే బండికి రవాణా శాఖ, బీమా కంపెనీ ఏమంటాయో ముందే తెలుసుకోవాలి.

మొత్తం మీద తేలేది ఇది. 50 మిల్లీమీటర్ల లోపు లిఫ్ట్‌కి కొత్త షాఫ్ట్ తప్పనిసరి కాదు. పినియన్ దిశ సరిచేసి, అవసరమైతే చక్రం వేలాడే హద్దును పట్టీలతో తగ్గించి, ఆ తర్వాత కూడా మూడింటిలో ఒకటి మిగిలితేనే మార్చాలి: స్ప్లైన్ చాలకపోవడం, వేలాడినప్పుడు జాయింటు పట్టేయడం, మీరు నడిపే వేగానికి కోణం హద్దు దాటడం. మొదటిదానికి పొడుగు షాఫ్ట్, మిగతా రెండింటికీ వేరే రకం జాయింటున్న షాఫ్ట్ కావాలి. గ్యారేజీలో ఎవరైనా షాఫ్ట్ మార్చాలన్నా, అక్కర్లేదన్నా, ఆ మూడు కోణాలూ కాగితం మీద రాసిచ్చాకే డబ్బు సంగతి మాట్లాడండి.